నడక తగ్గిన అమ్మానాన్నలతో పల్లెసీమల విహారం: ప్రణాళిక ఎలా వేసుకోవాలి

మోకాళ్లు అరిగిపోయో, నడుము పట్టేసో, పక్షవాతం తరువాత ఒక కాలు సరిగా మాట వినకో నాలుగు గోడల మధ్యనే రోజులు గడుపుతున్న తల్లిని లేదా తండ్రిని ఒక్కసారి పచ్చని పొలాల మధ్యకు, చెట్ల నీడకు, నీటి ఒడ్డుకు తీసుకువెళ్లాలన్న కోరిక చాలామంది పిల్లలకు ఉంటుంది. ఆ ప్రయాణం తడబడేది సాధారణంగా దూరం వల్ల కాదు. బండి దిగిన చోటి నుంచి కూర్చునే చోటి వరకూ ఉన్న యాభై అడుగుల గతుకుల దారి దగ్గరో, బస ముందున్న మెట్ల దగ్గరో, రాత్రి రెండు గంటలకు లేచి వెళ్లవలసిన మరుగుదొడ్డి దగ్గరో తడబడుతుంది. అందుకే ఈ మార్గదర్శిని చూడవలసిన ప్రదేశాలతో మొదలుపెట్టడం లేదు. పెద్దవారి శరీరంతోను, వారి దినచర్యతోను మొదలుపెట్టి, అక్కడి నుంచి బయటికి ఒక్కొక్క అడుగే వేస్తూ ప్రణాళికను ఎలా అల్లుకోవాలో వివరిస్తాను. మా అమ్మగారితో చేసిన ప్రయాణాలలో కొన్ని చక్కగా సాగాయి, ఒకటి మొదటి రాత్రితోనే ముగిసింది. ఇక్కడ రాస్తున్న వాటిలో చాలా భాగం ఆ ఒక్క రాత్రి నేర్పినదే.

ముందుగా వారినే అడగండి

"వెళ్దామా?" అని అడిగితే చాలామంది పెద్దవారు "మీ ఇష్టం, నా వల్ల మీకెందుకు ఇబ్బంది" అంటారు. ఆ మాటలో అవునూ లేదు, కాదనీ లేదు. దానికి బదులు, సులువుగా జవాబు చెప్పగలిగేలా అడగాలి: "అమ్మా, అక్కడ పొద్దున్నే ఎక్కడ కూర్చోవాలని ఉంది? నీళ్ల దగ్గరా, చెట్ల కిందా, వరండాలోనా?" ఇలా అడిగినప్పుడు వచ్చే జవాబులు పిల్లల ఊహలకు చాలా దూరంగా ఉండవచ్చు. జలపాతం చూపించాలని మనం తహతహలాడుతుంటే, వారికి ఆవులు ఇంటికి మళ్లే వేళ దారి పక్కన కూర్చుంటే చాలనిపించవచ్చు. వారి కోరిక చిన్నదైన కొద్దీ దాన్ని పూర్తిగా తీర్చగలిగే అవకాశం పెరుగుతుంది.

రెండో ప్రశ్న భయం గురించినది. దాన్ని నలుగురి ఎదుట కాక ఒంటరిగా ఉన్నప్పుడు అడగాలి. చాలామందికి ఉండే అసలు భయం మరుగుదొడ్డి. మూత్రం ఆపుకోలేకపోతే ఏమవుతుందోనన్న బెంగతో ప్రయాణానికి ముందు రోజు నుంచే నీళ్లు తాగడం మానేసేవారు ఉన్నారు. వయసుతో పాటు దాహం తెలియడం ఎలాగూ తగ్గుతుంది, దానికి ఈ బెంగ తోడైతే ఒంట్లో నీరు తగ్గి, తల తిరగడం, మలబద్ధకం, మూత్రంలో మంట, ఒక్కోసారి మాటల్లో తికమక కూడా కలుగుతాయి. "ప్రతి గంటన్నరకూ బండి ఆపుతాము, ఎక్కడ ఆపుతామో ముందే చూసిపెట్టాను, బట్టలు మార్చుకోవడానికి ఏర్పాటు ఉంది" అని ముందుగా చెప్పి, ఆ ఏర్పాటును చూపిస్తే సగం భయం అక్కడే తీరిపోతుంది.

బలం ఎంతుందో ఇంట్లోనే కొలుచుకోండి

"ఫరవాలేదు, నడుస్తాను" అన్న మాటను నమ్ముకుని ఏర్పాట్లు చేయకూడదు. బయలుదేరడానికి కనీసం రెండు వారాల ముందు, వారం రోజుల పాటు ఒక చిన్న పుస్తకంలో కొన్ని సంగతులు రాసుకోండి. ఆగకుండా ఎన్ని అడుగులు వేయగలుగుతున్నారు, పగలు ఎంత సేపటికొకసారి మూత్రానికి వెళ్లవలసి వస్తోంది, రాత్రి ఎన్నిసార్లు లేస్తున్నారు, ఎంత ఎత్తు కుర్చీలోంచి సులువుగా లేవగలుగుతున్నారు, రోజులో ఏ వేళ ఒంట్లో చురుకు ఉంటోంది, ఏ వేళకు నీరసం ఆవరిస్తోంది అన్నవి తెలిస్తే మిగతా నిర్ణయాలన్నీ వాటంతట అవే తేలుతాయి. ఉదయం పది వరకూ కీళ్లు పట్టేసి ఉండేవారికి సూర్యోదయం చూపించే ఏర్పాటు శిక్షే అవుతుంది.

పడిపోయే ప్రమాదాన్ని అంచనా వేయడానికి వైద్యులు వాడే తేలికైన పరీక్ష ఒకటుంది. చేతులున్న కుర్చీలోంచి లేచి, మామూలుగా నడిచే వేగంతోనే 3 మీటర్లు నడిచి, వెనక్కి తిరిగి వచ్చి, మళ్లీ కూర్చోవాలి. రోజూ వాడే చేతికర్రను వాడుకోవచ్చు, మనం మాత్రం పక్కనే నిలబడాలి. దీనికి 12 సెకన్లు లేదా అంతకు మించి పడితే పడిపోయే ముప్పు ఉందని భావించి, ప్రయాణంలో నడిచే ప్రతిసారీ ఒకరు తోడుండేలా చూసుకోవాలి.

ఇంటి నున్నని నేల మీద నడిచిన దూరం మట్టిదారిలో పనికిరాదు. నా వరకు నేను ఇంట్లో నడవగలిగిన దూరంలో సగాన్నే లెక్కలోకి తీసుకుంటాను. అమ్మగారు ఇంట్లో ఎనభై అడుగులు వేయగలిగిన రోజుల్లో, బయట నలభై అడుగులకు ఒక కుర్చీ ఉండేలా చూసుకునేవాణ్ణి. కుర్చీ దగ్గర సేదదీరిన తరువాత తిరిగి అంత దూరమూ నడవాలన్నది కూడా గుర్తుంచుకోవాలి.

ఈ లెక్క కుదిరాక ఒక పూట ప్రయాణం చేసి చూడండి. అదే బండి, అదే చెప్పులు, అదే చేతికర్ర, అదే సంచి తీసుకుని గంట దూరం వెళ్లి, ఆరుబయట రెండు గంటలు కూర్చుని తిరిగి రావడం చాలు. బండి సీటు పల్లంగా ఉందనీ, చక్రాల కుర్చీ డిక్కీలో పట్టడం లేదనీ తెలియవలసింది ఆ రోజునే.

వైద్యుణ్ణి అడగవలసినవి

"ప్రయాణం చేయవచ్చా?" అన్న ఒక్క ప్రశ్నతో సరిపెట్టుకోకండి. ఎంత సేపు ఏకధాటిగా కూర్చోవచ్చు, నీరు ఎక్కువగా పోయేలా చేసే బీపీ మాత్రల వేళను ప్రయాణపు రోజున మార్చవచ్చా, గుండె లేదా మూత్రపిండాల జబ్బు ఉంటే నీళ్లు ఎంతవరకు తాగాలి, నొప్పి పెరిగితే అదనంగా ఏ మాత్ర వేయవచ్చు అన్నవి విడివిడిగా అడిగి రాయించుకోవాలి. మాత్రల వేళను సొంతంగా మార్చడం, మానడం ప్రమాదం. ప్రయాణంలో వాంతులు రాకుండా దుకాణంలో కొని వేసే మాత్రలలో కొన్ని పెద్దవారిలో మగతను, తికమకను, మూత్రం బిగుసుకుపోవడాన్ని కలిగిస్తాయి కనుక అవి కూడా అడగకుండా వేయకూడదు. ఈ మధ్యనే శస్త్రచికిత్స జరిగినా, గతంలో కాలి సిరల్లో రక్తం గడ్డకట్టి ఉన్నా ఆ సంగతిని ప్రత్యేకంగా గుర్తు చేయాలి.

చోటు ఎంపిక

దృశ్యం దగ్గరికి మనిషి నడిచి వెళ్లే చోట్లు కొన్ని, మనిషి కూర్చున్న చోటికి దృశ్యం వచ్చే చోట్లు కొన్ని ఉంటాయి. నడక తగ్గిన వారికి రెండో రకమే సరైనది. వరండాలో కూర్చుంటే పొలమో, చెరువో, కొండల వరుసో కనిపించే బస దొరికితే, ఏ కారణం చేతనైనా బయటికి వెళ్లలేకపోయిన రోజు కూడా వృథా కాదు. పేరు పడ్డ ప్రదేశాలకు దగ్గరగా ఉండి, గదిలోంచి ఎదుటి గోడ తప్ప ఏమీ కనిపించని బస కంటే, పేరు లేని ఊరి చివర మంచి వరండా ఉన్న ఇల్లు వెయ్యి రెట్లు మేలని నా నమ్మకం.

బండి వాకిలి దాకా వస్తుందా అన్నది మొదటి ప్రశ్న. ఇంటి నుంచి మూడు నాలుగు గంటల ప్రయాణానికి మించకుండా ఉంటే మంచిది. అత్యవసర చికిత్స చేయగల ఆసుపత్రి గంట లోపు దూరంలో ఉండాలి, ఫోను సిగ్నలు అందాలి, రాత్రి వేళ పిలిస్తే వచ్చే బండి ఉండాలి. వానలు ముగిసిన వెంటనే పచ్చదనం కన్నుల పండువగా ఉంటుంది కానీ, ఆ బురదలో చేతికర్ర దిగబడుతుంది, పాచి పట్టిన మెట్లు జారతాయి. నేల ఆరడానికి కొన్ని వారాలు ఆగడం మంచిది. వృద్ధాప్యంలో చెమట పట్టడం తగ్గి శరీరం వేడిని సరిగా వదులుకోలేదు కాబట్టి మండు వేసవిని కూడా వదిలేయాలి. సముద్ర మట్టానికి 2,500 మీటర్లకు పైన ఉన్న కొండ ప్రాంతాలలో గాలిలో ప్రాణవాయువు తగ్గి, గుండె, ఊపిరితిత్తుల జబ్బులున్న వారికి ఆయాసం పెరుగుతుంది. వైద్యుని అనుమతి లేనిదే అటువైపు వెళ్లకూడదు.

రోజుకొక చోటు మారే పద్ధతి పెద్దవారికి పనికిరాదు. కొత్త మంచానికి, కొత్త స్నానాలగదికి అలవాటు పడేసరికే ఒక రోజు పడుతుంది. ఒకే చోట మూడు రాత్రులు ఉండేలా చూసుకుని, రెండో రోజును పూర్తిగా ఖాళీగా వదిలేయండి.

బసను కొలతలతో నిర్ధారించుకోండి

మొదటి రాత్రితోనే ముగిసిన ప్రయాణం గురించి చెప్పాను కదా, ఆ పొరపాటు ఇక్కడే జరిగింది. "మా అమ్మగారు సరిగా నడవలేరు, ఇబ్బంది ఉంటుందా?" అని ఫోనులో అడిగాను. "ఏమీ ఉండదండీ, గది కింది అంతస్తులోనే ఉంది" అన్నారు. వెళ్లి చూస్తే కింది అంతస్తు నేల నుంచి ఐదు మెట్ల పైన ఉంది, మెట్లకు పట్టుకోవడానికి కడ్డీ లేదు, మరుగుదొడ్డి పెరటి అవతల ఉంది. ఆ మనిషి అబద్ధం చెప్పలేదు. మెట్లు ఎక్కగలిగిన వారికి మెట్లు కనిపించవు. అప్పటి నుంచి అభిప్రాయం అడగడం మానేసి, కొలతలూ ఫోటోలూ అడుగుతున్నాను. వీలైతే వీడియో కాల్‌లో, బండి ఆగే చోటి నుంచి మంచం దాకా, మంచం నుంచి మరుగుదొడ్డి దాకా ఫోను పట్టుకుని నడిచి చూపించమని వేడుకుంటాను. ఇందుకు విసుక్కునే చోట బస చేయకపోవడమే మంచిది.

మెట్లు ఎన్ని, ఒక్కొక్కటి ఎంత ఎత్తు, కడ్డీ ఒక వైపున ఉందా రెండు వైపులా ఉందా అని అడగాలి. పక్షవాతం వచ్చిన వారికి బలమున్న చేతి వైపు కడ్డీ లేకపోతే అది ఉన్నా లేనట్టే, పైగా ఎక్కేటప్పుడు కుడివైపున ఉన్న కడ్డీ దిగేటప్పుడు ఎడమవైపుకు వస్తుంది. చక్రాల కుర్చీ వాడేవారికి వాలుదారి కావాలంటే, ఎత్తు ఎంతో దానికి పన్నెండు రెట్లు పొడవు ఉండాలన్నది ప్రామాణిక లెక్క. 15 సెంటీమీటర్ల మెట్టును దాటాలంటే 180 సెంటీమీటర్ల వాలు కావాలి. గుమ్మం దగ్గర వేసిన రెండు అడుగుల చెక్క ముక్కను వాలుదారి అని చెప్పేవారు ఉన్నారు, దాని మీద కుర్చీని నెట్టడం మనిషిని వెనక్కి పడేయడమే. చాలా చక్రాల కుర్చీలు 60 నుంచి 70 సెంటీమీటర్ల వెడల్పు ఉంటాయి కాబట్టి, తలుపు తెరిచాక మధ్యలో మిగిలే ఖాళీ కనీసం 80 సెంటీమీటర్లు ఉండాలి. స్నానాలగది తలుపు చాలా చోట్ల గది తలుపు కంటే ఇరుకుగా ఉంటుంది, దాన్ని విడిగా కొలిపించాలి. కుర్చీ తిరగడానికి లోపల సుమారు 150 సెంటీమీటర్ల ఖాళీ ఉంటే హాయి.

మంచం ఎత్తుకు సులువైన కొలబద్ద వారి కాలే. వారిని చెప్పులతో కూర్చోబెట్టి, మోకాలి వెనుక మడత నుంచి నేల వరకూ కొలవండి. మంచమూ, కుర్చీ, కమోడ్ సీటూ ఆ కొలతకు సమానంగా గానీ కొంచెం ఎత్తుగా గానీ ఉంటే లేవడం తేలిక. చాలామందికి అది 45 నుంచి 50 సెంటీమీటర్ల మధ్య కుదురుతుంది. మంచం పల్లంగా ఉంటే ఇంకొక పరుపు అడగవచ్చు. కమోడ్ పల్లంగా ఉంటే పైన అమర్చే ఎత్తు సీటును వెంట తీసుకువెళ్లవచ్చు. నేల మీద కూర్చునే మరుగుదొడ్డి తప్ప వేరే లేని చోట, మడతపెట్టే కమోడ్ కుర్చీ తప్పనిసరి. రాత్రి పూట దాన్ని మంచం పక్కనే ఉంచితే, చీకట్లో నడిచే అవసరం కూడా తప్పుతుంది.

స్నానాలగదికి జారని రబ్బరు చాప, కాళ్లకు రబ్బరు తొడుగులున్న గట్టి స్టూలు మనమే తీసుకువెళ్లాలి. గోడకు గాలి పీల్చి అతుక్కునే పట్టుకడ్డీలు దొరుకుతాయి గానీ వాటిని నమ్మి ఒంటి బరువు మోపకూడదు, తడికి అవి ఊడి వస్తాయి. తువ్వాలు వేసే కడ్డీని పట్టుకోవడం కూడా అంతే ప్రమాదం, ఈ రెంటి గురించీ వారికి ముందే చెప్పాలి. మంచం నుంచి మరుగుదొడ్డి వరకూ వెలుగు ఉండేలా రెండు చిన్న రాత్రి దీపాలు, కరెంటు పోతే అందుకోవడానికి దిండు దగ్గర ఒక టార్చి, పక్క గదిలో పడుకున్న వారిని పిలవడానికి చేతి గంట పెట్టెలో ఉండాలి.

నేలకు తగిన సాధనాలు

చేతికర్ర ఎత్తు సరిగా లేకపోతే నడుము నొప్పి మొదలవుతుంది. చెప్పులు వేసుకుని, చేతులు వదులుగా వేలాడదీసి నిలబడినప్పుడు కర్ర పిడి మణికట్టు మడత దగ్గరకు రావాలి. నొప్పి ఉన్న కాలికి ఎదురు వైపు చేతిలో కర్ర పట్టుకోవాలి, చాలామంది దీన్ని తారుమారుగా చేస్తారు. మెట్లు ఎక్కేటప్పుడు బాగున్న కాలు ముందు, దిగేటప్పుడు నొప్పి ఉన్న కాలు, కర్ర ముందు వేయాలి. కర్ర చివరి రబ్బరు తొడుగు అరిగిపోయి ఉంటే తడి నేల మీద జారిపోతుంది. అది చాలా చవకైన వస్తువు, కొత్తది వేసి ఇంకొకటి సంచిలో ఉంచండి.

నాలుగు కాళ్ల వాకర్ గడ్డిలోను, గులకరాళ్లలోను ఒకేసారి నాలుగు కాళ్లూ ఆనక ఊగుతుంది. చిన్న చక్రాలున్న వాకర్లు ఇసుకలో కూరుకుపోతాయి. చదునైన నేల మీద చక్కగా నడిచేవారికి కూడా బయట చక్రాల కుర్చీని వెంట ఉంచడం మేలు, దాన్ని అలసటకు ముందే వాడాలి. అందుకు నామోషీ పడే పెద్దవారు ఉంటారు. "ఇక నడవలేవు, కూర్చో" అనే బదులు, "అక్కడి దాకా దీంట్లో వెళ్దాం, గట్టు మీద నడుద్దువు గాని" అంటే, నడక తమకు నచ్చిన చోట మిగులుతుందని వారికీ అర్థమవుతుంది.

వెనుక పెద్ద చక్రాలున్న కుర్చీ పల్లె దారులకు మేలైనది. నాలుగూ చిన్న చక్రాలే ఉన్న తేలికైన కుర్చీ బండిలో సులువుగా పడుతుంది గానీ మట్టిలో కదలదు. ముందు చక్రాలు ఇసుకలో, గడ్డిలో దిగబడినప్పుడు బలంగా తోస్తే కూర్చున్న వారు ముందుకు పడిపోతారు, కుర్చీని వెనక్కి తిప్పి లాగితే పెద్ద చక్రాలు దారి చేసుకుంటాయి. ఏటవాలు దిగేటప్పుడు కూడా కుర్చీని వెనక్కి తిప్పి, మనం కింది వైపున ఉండి నెమ్మదిగా దించాలి. బ్రేకులు నిలిపి ఉంచడానికే, వేగం తగ్గించడానికి కాదు. నడుముకు బెల్టు, పాదాలు జారకుండా పట్టీ, కూర్చునే చోట మంచి దిండు ఉండాలి. ఎక్కువ సేపు కూర్చునే వారికి ఒత్తిడి పుండ్లు పడకుండా ప్రతి 15 నుంచి 30 నిమిషాలకు ఒకసారి ఒక పక్కకు ఒరిగి, తరువాత రెండో పక్కకు ఒరిగి బరువు మార్చుకోమని గుర్తు చేయాలి.

దారిలో

పెద్దవారిని ముందు సీటులో కూర్చోబెట్టి, సీటును వీలైనంత వెనక్కి జరిపి, వీపును కొద్దిగా వాల్చండి. ఎక్కే పద్ధతి ముఖ్యం. ముందుగా వీపును సీటు వైపు తిప్పి నిలబడి, పిక్కలకు బండి అంచు తగిలే దాకా వెనక్కి అడుగులు వేసి, తల వంచి కూర్చుని, ఆ తరువాత రెండు కాళ్లనూ కలిపి లోపలికి తిప్పాలి. తిరగడం కష్టమైతే సీటు మీద నున్నని ప్లాస్టిక్ కవరు వేస్తే ఒళ్లు సులువుగా జరుగుతుంది, కూర్చున్నాక మాత్రం దాన్ని తప్పనిసరిగా తీసేయాలి, లేకపోతే హఠాత్తుగా బ్రేకు వేసినప్పుడు బెల్టు కిందుగా జారిపోతారు. పల్లంగా ఉండే కారును ఎత్తైన గట్టు పక్కన ఆపితే, గట్టు మీద నిలబడేవారికి సీటు ఇంకా కిందికి పోతుంది. ఎత్తైన బండికి అదే గట్టు మెట్టులా సాయపడుతుంది. ఏ బండి అయినా తలుపు పూర్తిగా తెరుచుకునే చదును నేల మీద ఆపాలి. తెరిచిన తలుపును ఆసరాగా పట్టుకోనీయకండి, అది కదిలిపోతుంది.

నాలుగు గంటలు దాటి కదలకుండా కూర్చునే ప్రయాణాలలో కాలి సిరల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం పెరుగుతుంది. కూర్చున్న చోటనే అరగంటకొకసారి పాదాలను పైకీ కిందికీ పదిసార్లు ఆడించమని చెప్పాలి, కాలు మీద కాలు వేయనీయకూడదు. గంట, గంటన్నరకు ఒకసారి ఆపినప్పుడు దిగి నిలబడగలిగితే చాలు, నడవలేకపోయినా ఫరవాలేదు. బిగుతు మేజోళ్లు అందరికీ మంచివి కావు. కాలికి రక్తప్రసరణ తక్కువగా ఉన్నవారికి అవి హాని చేస్తాయి కాబట్టి వైద్యుడు చెబితేనే వేయాలి.

ఆగవలసిన చోట్లను మ్యాపులో చూసి ఊరుకోకుండా, అక్కడి మరుగుదొడ్డి ఎలా ఉంటుందో ఫోను చేసి కనుక్కోవాలి. బండిలో అందుబాటులో ఒక సంచి వేరుగా ఉంచండి. అందులో మార్చుకోవడానికి ఒక జత బట్టలు, డైపర్లు, నీరు పీల్చే పరుపు గుడ్డ, తడి తుడుపు కాగితాలు, మూతలున్న సంచులు, అడ్డుగా పట్టుకోవడానికి ఒక దుప్పటి ఉండాలి. మగవారికైతే మూత పెట్టే మూత్రపు సీసా ఎంతో సాయం.

మందులు, కాగితాలు

మందులను ఉండబోయే రోజులకు మించి మూడు రోజులకు సరిపడా తీసుకుని, రెండు వేరు వేరు సంచులలో పెట్టాలి. జబ్బులు, మందుల అసలు పేర్లు, మోతాదులు, పడని మందులు, రక్త వర్గం, వైద్యుని ఫోను నంబరు ఒకే కాగితం మీద రాసి, ఒక ప్రతిని పెద్దవారి జేబులో, ఒక ప్రతిని మీ దగ్గర ఉంచుకోండి. తెరవని ఇన్సులిన్‌ను 2 నుంచి 8 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంచాలి. వాడుతున్న సీసా లేదా పెన్ను చాలా రకాలలో సుమారు నాలుగు వారాలు గది చల్లదనంలో నిలుస్తుంది, కచ్చితమైన గడువు పెట్టె మీద ఉంటుంది. మంచుగడ్డకు నేరుగా తగిలి గడ్డకట్టిన ఇన్సులిన్ మళ్లీ కరిగినా పనికిరాదు. ఎండలో ఆపిన బండిలో ఏ మందునూ వదలకూడదు. కళ్లద్దాల రెండో జత, వినికిడి యంత్రపు బ్యాటరీలు, కట్టుడు పళ్ల డబ్బా చాలామంది మరచిపోతారు.

అక్కడి రోజులు

చేరిన రోజు సాయంత్రం ఏ కార్యక్రమమూ వద్దు. వెలుతురు ఉండగానే మంచం నుంచి మరుగుదొడ్డి దాకా వారితో కలిసి రెండుసార్లు నడిచి, ఎక్కడ గడప ఉంది, దీపం మీట ఎక్కడుంది అన్నవి చేత్తో తాకి చూపించండి. జారే చాపలను, కాలికి అడ్డం వచ్చే బల్లలను పక్కకు తీసేయండి. మతిమరుపు జబ్బు ఉన్నవారికి సాయంత్రం వేళ కొత్త చోట అలజడి పెరగవచ్చు. ఇంట్లో కప్పుకునే దుప్పటి, రోజూ చూసే ఒక ఫోటో, అలవాటైన వేళకు భోజనం వారిని నెమ్మదింపజేస్తాయి. అలాంటివారున్న గది తలుపుకు రాత్రి చప్పుడు చేసే గంట కట్టడం మంచిది.

నిద్ర లేవగానే గబుక్కున నిలబడితే బీపీ పడిపోయి కళ్లు తిరుగుతాయి, పరిచయం లేని గదిలో ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ. మంచం అంచున ఒకటి రెండు నిమిషాలు కూర్చుని, పాదాలు ఆడించి, ఆ తరువాతే లేవాలని వారికి గుర్తు చేస్తూ ఉండాలి.

రోజుకు ఒకే ఒక్క బయటి షికారు, అదీ వారికి చురుకు ఉండే వేళ. రెండు గంటలకు మించకుండా, భోజనానికి ముందే తిరిగి వచ్చేలా ఉంటే మధ్యాహ్నపు నిద్ర చెడదు. ముందు మీరు ఒంటరిగా వెళ్లి దారి చూసి రండి. కూర్చునే చోటు నీడలో ఉందా, ఆ నీడ గంట తరువాత ఎటు జరుగుతుంది, చీమల పుట్టలు, గుంతలు ఉన్నాయా, చక్రం ఎక్కడ దిగబడుతుంది అన్నవి అప్పుడే తేలుతాయి. చేతులున్న, వీపు ఆనించుకునే మడత కుర్చీని మనమే తీసుకువెళ్లాలి. బట్ట ఊయలలా లోతుగా ఉండే కుర్చీల్లోంచి మోకాళ్ల నొప్పులున్నవారు లేవలేరు. వేళ్లు కప్పే బూట్లు, అంచున్న టోపీ, దోమల మందు, పలుచని శాలువా, నీళ్ల సీసా తప్పనిసరి. షుగరు వల్ల పాదాల స్పర్శ తగ్గినవారిని గడ్డిలో కూడా చెప్పులు లేకుండా నడవనీయకూడదు, సాయంత్రం పాదాలను కడిగి, తుడిచి, వేళ్ల సందులు కూడా చూడాలి.

అక్కడ కూర్చున్నాక వారిని తొందరపెట్టకండి. ఫోటోల కోసం అటు తిరుగు, ఇటు చూడు అనడం కూడా ఒక శ్రమే. ఒకసారి అమ్మగారు చెరువు గట్టు మీద గంట సేపు ఒక్క మాటా మాట్లాడకుండా కూర్చున్నారు. విసుగు పుట్టిందేమోనని "వెళ్దామా అమ్మా?" అన్నాను. "ఆ కొంగ ఇంకా ఒక్క చేపా పట్టలేదురా, ఉండు" అన్నారు.

సాయానికి ఒక్కరే వెళ్లవద్దు. ఎత్తవలసి వస్తే ఇద్దరు కావాలి, రాత్రి మేలుకోవడం వంతులవారీగా జరగాలి. నిద్ర లేని మనిషి చేతిలో మందులు తారుమారవుతాయి. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు ఉంటే ఎవరు రాత్రి, ఎవరు పగలు, ఎవరు బండి అన్నది బయలుదేరక ముందే తేల్చుకోండి.

అనుకోనిది జరిగితే

పడిపోయినప్పుడు వెంటనే చంకల కింద చేతులు వేసి లేపడం అందరూ చేసే పొరపాటు. ముందు కదలనీయకుండా మాట్లాడించి, ఎక్కడ నొప్పో కనుక్కోవాలి. ఒక కాలు రెండో దానికంటే పొట్టిగా కనిపించి పాదం బయటికి తిరిగి ఉంటే తుంటి ఎముక విరిగి ఉండవచ్చు, లేపకుండా అంబులెన్సును పిలవాలి. రక్తం పలచబడే మందులు వాడేవారి తలకు దెబ్బ తగిలితే, పైకి బాగానే కనిపించినా ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. నొప్పేమీ లేకపోతే ఒక పక్కకు తిప్పి, మోకాళ్ల మీదకు తెచ్చి, గట్టి కుర్చీని ముందు పెట్టి, దాన్ని పట్టుకుని వారంతట వారే లేచేలా సాయం చేయాలి.

షుగరు మందులు వాడేవారికి చెమటలు, వణుకు, తికమక వస్తే 15 గ్రాముల పంచదార, అంటే సుమారు మూడు టీస్పూన్లు, నీళ్లలో కలిపి ఇచ్చి, 15 నిమిషాల తరువాత మళ్లీ పరీక్షించాలి. స్పృహ సరిగా లేనివారి నోట్లో ఏదీ పోయకూడదు. మూతి ఒక పక్కకు పోవడం, ఒక చేయి పడిపోవడం, మాట ముద్దగా రావడం కనిపిస్తే అది పక్షవాతం. గడ్డ కరిగించే మందును లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల లోపే ఇవ్వగలరు కాబట్టి, మొదలైన సమయాన్ని రాసుకుని వెంటనే కదలాలి. పల్లె చోట చిరునామా చెప్పడం కష్టం, అందుకే బసకు చేరగానే ఆ చోటును ఫోను మ్యాపులో గుర్తు పెట్టుకుని, దగ్గరి ఆసుపత్రికి దారిని పగటి పూట ఒకసారి చూసి ఉంచుకోవాలి.

తిరిగి వచ్చాక

తిరుగు ప్రయాణం ఉదయం పూట పెట్టుకుని, మరుసటి రోజు ఇంట్లో ఎవరైనా సెలవులో ఉండేలా చూసుకోండి. అలసట రెండో రోజున బయటపడుతుంది. ఆ వారమంతా పిక్కలో వాపు, నొప్పి, ఎరుపు కనిపిస్తున్నాయేమో, మూత్రంలో మంట ఉందేమో, వీపు కింద చర్మం కందిందేమో గమనించాలి. ఒక్క కాలే వాచినా, ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా ఆలస్యం చేయకుండా వైద్యుణ్ణి కలవాలి.

ఇంట్లో మొదలుపెట్టిన ఆ చిన్న పుస్తకాన్ని ఇప్పుడు మళ్లీ తీసి, ఎన్ని అడుగులు నడిచారు, ఏ కుర్చీ నచ్చింది, ఏ వస్తువు వాడనే లేదు, ఏది లేక ఇబ్బంది పడ్డాము అన్నవి వారి పక్కన కూర్చుని, వారి నోటితో చెప్పించుకుంటూ రాయండి. మా పుస్తకంలో చివరి పేజీలో అమ్మగారు చెప్పగా రాసిన మాట ఒకటుంది: "ఈసారి పొద్దున పోదాం, కొంగలు అప్పుడే ఎక్కువట."